గొడుగుల తాత పాఠం

సంచిలో ముందు దుప్పటి పెట్టాలా, బట్టలు పెట్టాలా అన్న దగ్గరే అమ్మమ్మకు సగం పొద్దు గడిచిపోయింది. దుప్పటి అడుగున పెడితే చలేసినప్పుడు సంచంతా బోర్లించాలి. పైన పెడితే బస్సులో నలుగురి కాళ్ళ కింద మాసిపోతుంది. చివరికి దుప్పటిని మంచం మీద పరిచి, మనవరాలి గౌన్లు, తువ్వాళ్ళు, తన రెండు చీరలు అందులోనే చుట్టి, ఆ మూటను మోకాలితో అదిమి సంచిలో కూరింది. దాని మీద టార్చిలైటు. టార్చి వెలగకపోతే కొవ్వొత్తి. కొవ్వొత్తికి అగ్గిపెట్టె, అగ్గిపెట్టె తడవకుండా ప్లాస్టిక్ కవరు. జ్వరం బిళ్ళలు. సూదుల డబ్బా, మైనం పట్టించిన దారపుండ. బారెడు తాడు.

"తాడెందుకమ్మా?" అంది కూతురు, యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ. ఆమె పెద్దాసుపత్రిలో నర్సు. సెలవు దొరకలేదు కాబట్టే పిల్లను తీసుకెళ్ళే పని అమ్మమ్మ మీద పడింది.

"ఉండనీ. తాడుకేమన్నా తిండి పెట్టాలా?"

"వెళ్ళేది మూడు రోజులకి."

"మూడు రోజులని చెప్పి వెళ్ళినవాళ్ళందరూ మూడు రోజులకే వచ్చారా ఏంటి?"

కూతురు ఇస్త్రీపెట్టె నిలబెట్టి నవ్వేసింది. ఈ మాటకు జవాబు చెప్పి నెగ్గినవాళ్ళు ఆ ఇంట్లో లేరు. గుమ్మం దాటిన మనిషి చెప్పులు మళ్ళీ గుమ్మంలో కనపడేదాకా అమ్మమ్మకు ముద్ద దిగదు. కూతురు డ్యూటీకి వెళ్ళినా అంతే, మనవరాలు వీధి చివర కొట్టుకు వెళ్ళినా అంతే. ఇప్పుడు తనే వెళ్తోంది కాబట్టి ఇంట్లో మిగిలే కూతురి గురించి దిగులు మొదలైంది.

మంచం కింద దూరి తన చెప్పుల జత వెతుక్కుంటున్న పిల్ల అక్కణ్ణుంచే అమ్మమ్మ గొంతుతో, "వచ్చారా ఏంటి?" అంది. అదే సాగదీత, అదే విసురు. అందుకే దాన్ని ఇంట్లోనూ బళ్ళోనూ గోరింక అంటారు. ఏ మాట విన్నా, విన్నది విన్నట్టు అప్పజెప్పేస్తుంది. అమ్మమ్మ రోజూ సాయంత్రం పాఠం చదివి వినిపిస్తే, మర్నాడు బళ్ళో పుస్తకం పట్టుకుని, వేలు కదుపుతూ, కామా దగ్గర ఆగుతూ గడగడా చదివేది. రెండేళ్ళు అలా జరిగిపోయింది. కొత్తగా వచ్చిన టీచరు పాఠం చదవమంటే, పుస్తకంలో సగం పేజీ చిరిగిపోయి ఉందట. గోరింక ఉన్న సగం చదివి, లేని సగం కూడా చదివేసింది. దాంతో బయటపడింది.

"అమ్మా, ఇంకోసారి చెబుతున్నా, విను." కూతురు వచ్చి మంచం అంచున కూర్చుంది. "ఇది పాసవ్వాల్సిన పరీక్ష కాదు. దీని కళ్ళు బాగున్నాయి, చెవులు బాగున్నాయి, బుర్ర మనందరి కంటే బాగుంది. అక్షరాలు మాత్రం దానికి నిలబడవు. దాన్ని డిస్లెక్సియా అంటారు. ఆ సంగతి వాళ్ళు చూసి కాయితం రాసిస్తే, గవర్నమెంటే మన బడికి వారానికి రెండు రోజులు వేరే టీచర్ని పంపిస్తుంది. పరీక్షల్లో ప్రశ్నలు చదివి పెట్టే మనిషినిస్తుంది. రాసివ్వకపోతే మళ్ళీ అదే క్లాసు. ఇప్పటికే ఓసారి కూచుంది. దాని పక్కన కూచునేవాళ్ళు ఇప్పుడు దాని భుజం దాకా ఉన్నారు."

"తెలుసులేవే."

"కాబట్టి దానికి వచ్చింది వచ్చినట్టు, రానిది రానట్టు ఉండనియ్యి. నువ్వేం నేర్పకు."

"నేనేం నేర్పుతాను? నేనేమన్నా పంతులమ్మనా?"

అంది గానీ, సంచి జిప్పు లాగుతూ అమ్మమ్మ లోపల్లోపల ఒప్పుకోలేదు. పరీక్షన్నాక పాసు కావడమే మంచిది. పాసు కాకపోతే మంచిదయ్యే పరీక్ష ఒకటి ఉంటుందని ఆమె ఈ వయసుకీ వినలేదు.

*

పరీక్షలు చేసే కేంద్రం బస్సు డిపో వెనక వీధిలో ఉంది. పొడుగాటి పెంకుటిల్లు, ముందు వరండా, నీలం తలుపులు. చేతులు కడుక్కునే కుళాయిలన్నీ పిల్లల ఎత్తుకు పెట్టారు. పెద్దవాళ్ళు వంగి కడుక్కోవాలి. అమ్మమ్మకు అది చూడగానే నచ్చింది. గోరింక వెళ్ళి అన్ని కుళాయిలూ తిప్పి వచ్చింది.

గేటు దగ్గర సంచి దింపి నడుము పట్టుకుని నిలబడితే, వెనకనుంచి ఒకతను వచ్చి దాన్ని అందుకున్నాడు. లావుపాటి మనిషి, మెళ్ళో ఎర్ర తువ్వాలు.

"ఏం పెట్టావు పెద్దమ్మా ఇందులో, ఇంజనా?" అన్నాడు. "మొదటి గేర్లో కూడా లేవట్లేదు!"

అతను లారీ డ్రైవరు. అతని వెనక రెండు జడలేసుకున్న పిల్ల తండ్రి చొక్కా అంచు పట్టుకుని ఉంది. గోరింక వయసే. జడలు రెండూ సమానంగా లేవు. ఒకటి చెవి పైనుంచి, ఒకటి చెవి కిందనుంచి వచ్చాయి. తండ్రే వేసి ఉంటాడని అమ్మమ్మకు తెలిసిపోయింది. లోపల మంచాల గదిలోకి వెళ్ళగానే పిల్లను ముందు కూర్చోబెట్టుకుని జడలు విప్పి మళ్ళీ వేసింది. పిల్ల మెడ వంచి, కళ్ళు మూసుకుని వేయించుకుంది.

"వాళ్ళమ్మకి పురుడు దగ్గర పడిందండీ," అన్నాడు డ్రైవరు, కిటికీ అవతలనుంచి. "టీచరు ఒకటే పోరు, తీసుకెళ్ళు తీసుకెళ్ళు అని. మా వంశంలో ఇలాంటి రోగం ఎవరికీ లేదు పెద్దమ్మా. ఒట్టి బద్ధకం. లోడు అక్కడ పెట్టుకుని ఇక్కడ కూచున్నా. రేపు ఇది నాలుగు ముక్కలు చదివేస్తే, మధ్యాహ్నం బండికి చక్కా పోతాం."

"చదువుతుందిలే నాయనా. భయపెట్టకు దాన్ని."

"నేనెక్కడ భయపెడుతున్నా? అదే నన్ను భయపెడుతోంది. రాత్రి రోడ్డు మీద బోర్డులు చదవమంటే ఏడుస్తుంది. నేను మూడో క్లాసు దాకే చదివా, నాకే వచ్చు."

రెండు జడల పిల్ల కళ్ళు తెరవలేదు. అమ్మమ్మ చేతిలో జుట్టు పాయ మాత్రం ఒక్కసారి బిగుసుకున్నట్టు అనిపించింది.

ఆ మధ్యాహ్నం కళ్ళు, చెవులు చూశారు. తెల్లకోటు డాక్టరు ఒకాయన చిన్న గంట మోగించి ఎటువైపు వినపడిందో చెప్పమన్నాడు. గోరింక అటు చూపించి, అదే గంట చప్పుడు నోటితో చేసి వినిపించింది. డాక్టరు నవ్వాపుకోలేక కాయితం మీద తప్పుచోట టిక్కు పెట్టి కొట్టేసుకున్నాడు. అన్నీ బాగున్నాయన్నారు. చదువు పరీక్ష మర్నాడు.

*

అమ్మమ్మకు ఖాళీగా కూర్చోవడం చేతకాదు. బైండింగు షాపులో ముప్ఫయ్యేళ్ళ పైనే పనిచేసిన చేతులవి. అచ్చయిన కాయితాలు మడిచి, బద్దతో మడత నొక్కి, వరస పెట్టి కుట్టడం ఆమె పని. ఆ మడతల్లో కనపడ్డ అక్షరాలు కూడబలుక్కునే చదువు నేర్చుకుంది. ఏ కథ చదివినా మధ్యనుంచి మొదలై మధ్యలో ఆగిపోయేది. మిగతాది పక్కామె బల్ల మీద ఉండేది.

సాయంత్రం వరండాలో ఆయా ఒక అట్టపెట్టె ముందేసుకుని కూర్చుని, చిన్న చిన్న పుస్తకాలకు గమ్ము పూస్తోంది. పూసిన పేజీ ఒకటి ఆమె మోచేతికే అంటుకుంది.

"అయ్యో, గమ్ముతో ఆగవే తల్లీ అవి," అంది అమ్మమ్మ. "పిన్నులు తుప్పు పట్టి కాయితాన్ని తినేశాయి. ఇటియ్యి."

"నీకెందుకు పెద్దమ్మా శ్రమ?"

"శ్రమా? మీ అన్నం తింటున్నాగా."

సూదుల డబ్బా వచ్చింది, దారపుండ వచ్చింది. తుప్పు పిన్నులు గోటితో పైకి లేపి, ఒక్కొక్కటీ తీసి మూతలో వేసింది. కాయితాలు మోకాలి మీద తట్టి అంచులు కలిపింది. నడిమి మడతలో మూడు చిల్లులు. మధ్య చిల్లులోంచి సూది వెళ్ళింది, పై చిల్లులోంచి వచ్చింది, కింది చిల్లులోకి దిగింది, మళ్ళీ మధ్యకే చేరింది. పొడుగు దారానికి అటొక కొస, ఇటొక కొస ఉండేట్టు చూసి ముడేసింది. పుస్తకం తెరిచి, మూసి, వేళ్ళతో ఆడించి చూసింది. కుట్టు నిలబడింది.

ఆయా నోరు తెరుచుకుని చూసింది. "ఎంత బాగా కుదిరింది! రేపు మా మేడమ్ పిల్లల చేత చదివించేది ఇవే పెద్దమ్మా. చేతిలో పట్టుకోగానే పేజీలు రాలిపోతాయని రోజూ విసుక్కుంటుంది."

అమ్మమ్మ చేతిలో సూది ఆగింది.

"ఇవేనా?"

"ఇవే. ఒక్కో క్లాసుకి ఒక్కోటి. మీ పిల్లకీ, డ్రైవరు పిల్లకీ ఈ పచ్చట్టది."

ఆయా దీపాలు వేయడానికి లోపలికి వెళ్ళింది. పచ్చట్ట పుస్తకం అమ్మమ్మ ఒళ్ళో ఉంది. అది తను వెతికింది కాదు, అడిగింది కాదు. పని చేస్తుంటే చేతిలోకి వచ్చింది. చేతికొచ్చినదాన్ని కాదనుకోవడం తెలివితక్కువతనం. మర్నాటి పాఠం ముందురోజు ఇంట్లో చదువుకుని వెళ్తే ఎవరన్నా తప్పంటారా? మెచ్చుకుంటారు. కూతురి మాట గుర్తుకు రాకపోలేదు. నేర్పకు అంది. నేర్పడం వేరు, చదివి వినిపించడం వేరు అని సర్దిచెప్పుకుంది.

"గోరింకా, ఇటురా. ఆ పిల్లని కూడా పిలు."

ఇద్దరూ చెరో మోకాలికీ ఆనుకుని కూర్చున్నారు. అమ్మమ్మ పుస్తకం ఎత్తి దీపం వెలుగుకు పట్టి చదివింది.

"ఒక ఊళ్ళో ఒక తాత ఉన్నాడు. ఆయన గొడుగులు బాగు చేస్తాడు. విరిగిన పుల్ల మారుస్తాడు. చిరిగిన గుడ్డ కుడతాడు. ఒకరోజు పెద్ద వాన వచ్చింది." అక్కడ గొంతులో ఏదో అడ్డుపడి దగ్గింది. "అందరూ గొడుగులు వేసుకుని పనులకు వెళ్ళారు. తాత గొడుగు మాత్రం చిరిగి ఉంది. తాత దాన్ని చూసి నవ్వాడు. నా గొడుగు ఎవరు బాగు చేస్తారు అన్నాడు."

గోరింక రెండోసారికే పట్టేసింది. రెండు జడల పిల్లకు ఇంకాస్త పట్టింది గానీ, ఒకసారి పట్టాక అది గోరింక కంటే ముద్దుగా చెప్పింది. వాన వచ్చిందన్నప్పుడు తల పైకెత్తి చూసేది, నిజంగా వస్తోందేమో అన్నట్టు. ఏ వాక్యం దగ్గర ఏ పేజీ తిప్పాలో, వేలు ఎక్కడినుంచి ఎక్కడికి నడవాలో అమ్మమ్మ చూపించింది. ఆ నడిపించడంలో తప్పేమన్నా ఉందా అని ఒక్క క్షణం అనుకుంది, మళ్ళీ వేలు నడిచింది. డ్రైవరు స్తంభానికి ఆనుకుని విన్నాడు. మధ్యలో తనూ అందుకున్నాడు.

"తాత దాన్ని చూసి ఏడ్చాడు!"

"నవ్వాడు!" అని పిల్లలిద్దరూ ఒక్కసారే అరిచారు.

"మా ఓనరయితే ఏడిపిస్తాడు," అన్నాడు డ్రైవరు. అందరూ నవ్వారు. రెండు జడల పిల్ల నవ్వుతూ నవ్వుతూ తల అమ్మమ్మ ఒళ్ళో పెట్టేసింది. బయలుదేరిన దగ్గరనుంచీ అమ్మమ్మ గుండెలో కొట్టుకుంటున్నదేదో అప్పుడు కాస్త ఆగింది. ఆ సాయంత్రం ఆమె కడుపునిండా తింది.

*

చదువు పరీక్ష చేసే ఆవిడ పెద్ద కళ్ళజోడు పెట్టుకుంది. కాబట్టి పిల్లలందరూ ఆవిణ్ణి కళ్ళజోడు మేడమ్ అంటున్నారు. ఆవిడ కూడా ఆ పేరుకే పలుకుతోంది. గదిలో కుర్చీలు లేవు. చాప, రెండు దిండ్లు, పలకలు. తలుపు తీసే ఉంచారు. పెద్దవాళ్ళు వరండాలో బెంచీ మీద కూర్చుంటే అన్నీ వినపడతాయి.

బండికి వేళవుతుందని డ్రైవరు బతిమాలుకుని తన కూతుర్ని ముందు పంపించాడు. పచ్చట్ట పుస్తకం తెరిచిన చప్పుడు. తర్వాత సన్నటి గొంతు: "ఒక ఊళ్ళో ఒక తాత ఉన్నాడు..."

అమ్మమ్మ పెదవులు కూడా కదులుతున్నాయి. పెద్ద వాన వచ్చింది. గదిలో పిల్ల చిన్నగా దగ్గింది. అందరూ గొడుగులు వేసుకుని. పేజీ తిరిగింది, సరిగ్గా అక్కడే. డ్రైవరు మోకాళ్ళ మీద పిడికిళ్ళు పెట్టుకుని, స్టీరింగు ముందు కూర్చున్నట్టు కూర్చున్నాడు. చివరి వాక్యం అయ్యేసరికి అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చాలా బాగా చదివావమ్మా!" అంది మేడమ్. కాసేపటికి కాయితం తెచ్చి అతని చేతికిచ్చింది. "మీ అమ్మాయి తన క్లాసుకి తగ్గట్టే చదువుతోంది. బళ్ళో ఎందుకు తడబడుతోందో మరి, భయమేమో. ఆమె టీచరుతో మాట్లాడండి. మా దగ్గర చేయాల్సిందేం లేదు."

"నేను చెప్పలా! బద్ధకం, ఒట్టి బద్ధకం!" అతను పిల్లను అమాంతం భుజం మీదికెత్తుకున్నాడు. ఆ కాయితం మడిచి జేబులో పెట్టుకుని, పైనుంచి రెండుసార్లు తట్టాడు. "పెద్దమ్మా, నీ మేలు మర్చిపోను. ఎప్పుడైనా ఇల్లు మారితే చెప్పు, సామానంతా ఊరికే తోలి పెడతా. ఆ సంచి ఒక్కటి తప్ప!"

గేటు దాకా సాగనంపడానికి అమ్మమ్మ వెళ్ళింది. ఎవరు వెళ్తున్నా గేటు దాకా వెళ్ళడం ఆమెకు అలవాటు. పిల్ల తండ్రి భుజం మీదనుంచి జారి కిందికి దిగి, ఆమె చెంగు పట్టుకుని లాగింది. ఆమె వంగింది.

"అమ్మమ్మా, బళ్ళో వేరే పుస్తకం ఇస్తే?"

అమ్మమ్మ దాని జడ సరిచేసింది. "అప్పటి సంగతి అప్పుడు చూసుకోవచ్చులే తల్లీ. వెళ్ళు, బండికి వేళవుతోంది."

పిల్ల తలూపింది. తండ్రి వేలు పట్టుకుని మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే నడిచింది.

తర్వాత గోరింక వంతు. అది మరీ ఘనంగా చదివింది. తాత నవ్వాడన్న చోట కాస్త నవ్వింది కూడా. వాన దగ్గర అమ్మమ్మలాగే దగ్గింది. మేడమ్ మెచ్చుకుంది. ఇంకో కాయితం రాసింది. అమ్మమ్మ ఆ కాయితాన్ని రెండు చేతులతో అందుకుని, తన కళ్ళజోడు తీసి, తుడిచి పెట్టుకుని, మొదటినుంచి చివరిదాకా చదివింది. పఠన సామర్థ్యం సంతృప్తికరం. ప్రత్యేక సహాయం అవసరం లేదు. ఎంత మంచి మాటలు!

*

ఆ సంతోషం బెంచీ మీద ఇంకా వెచ్చగా ఉండగానే, గదిలోంచి ఇంకొక తల్లి తన కొడుకుతో బయటికొచ్చింది. ఆ పిల్లవాడు లోపల ఒక్క వాక్యానికే నానా తంటాలు పడటం వరండా అంతా విన్నారు. అమ్మమ్మ అయ్యోపాపం అనుకుంది. తల్లేమో ఏడుస్తూ నవ్వుతోంది.

"రాసిచ్చారండీ! మావాడికి రాసిచ్చారు!" ఎవరు దొరికితే వాళ్ళకి చెప్పుకుంటోంది. "టీచర్ని పంపిస్తారట. పరీక్షలో చదివి పెట్టే మనిషి, ఇంకో గంట టైము. ఇక వీణ్ణి ఎవరూ మొద్దు అనడానికి లేదు."

"చదవలేకపోయినందుకా?" అంది అమ్మమ్మ.

"మరి అందుకే కదండీ మనం వచ్చింది!"

అమ్మమ్మ చేతిలో కాయితం వైపు చూసింది. అవే అక్షరాలు, అదే సిరా. సహాయం అవసరం లేదు. కూతురు మంచం అంచున కూర్చుని చెప్పిన ప్రతి మాటా ఇప్పుడు ఒక్కొక్కటే వచ్చి ఎదురుగా నిలబడింది. రాసివ్వకపోతే మళ్ళీ అదే క్లాసు. ఇప్పుడు లోపలికి వెళ్ళి ఏమని చెప్పాలి? పరీక్ష పుస్తకం దొంగచాటుగా నేర్పానని చెబితే, ఇలాంటివాళ్ళ పిల్లకి సాయమేమిటని గెంటేస్తే? ఊరుకుంటే? ఊరుకుంటే ఇంటికెళ్ళి కూతురి మొహం ఎలా చూడటం?

"అమ్మమ్మా, ఏమయింది?" అంది గోరింక.

"మనం పాసయ్యామే," అంది అమ్మమ్మ. "పాసయి చెడ్డాం."

గోరింక ఆమె మొహంలోకి, కాయితంలోకి, వెళ్ళిపోతున్న ఆ తల్లీకొడుకుల వైపూ చూసింది. అమ్మమ్మ చేతిలోంచి కాయితం తీసుకుంది. ఆమె ఏమిటే అనేలోపే గదిలోకి నడిచింది. అమ్మమ్మ గుమ్మం దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

"మేడమ్, ఇది తీసేసుకోండి," అంది గోరింక. "నాకు చదవడం రాదు."

మేడమ్ తలెత్తింది. "ఇందాక చదివావు కదమ్మా?"

"అది నేను కాదు. అమ్మమ్మ." తర్వాత కాస్త ఆలోచించి, "నేను అమ్మమ్మలా అన్నాను. నిన్న అమ్మమ్మ ఆ పుస్తకం కుట్టింది కదా, అప్పుడు మాకు చదివింది. వేరేది ఇవ్వండి. అమ్మమ్మ చూడనిది."

ఆ మాట చెప్పేటప్పుడు అది తల దించుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, తనకు బాగా వచ్చిన పాఠం అప్పజెబుతున్నట్టే నిలబడింది.

మేడమ్ గుమ్మం దగ్గరున్న అమ్మమ్మను చూసింది, పచ్చట్ట పుస్తకాన్ని చూసింది, దాని వీపు మీది కొత్త దారాన్ని వేలితో తడిమింది. "అందుకా," అంది, "ఇద్దరూ ఒకేచోట దగ్గారు! వానలో తడిశారేమో అనుకున్నాను." నవ్వొచ్చింది ఆవిడకి. నవ్వు ఆగాక బీరువా తెరిచి, అట్టలేని కాయితమొకటి తీసి చాప మీద పెట్టింది.

గోరింక కూర్చుంది. వేలు మొదటి మాట మీద పెట్టింది.

పిల్ల తనంతట తాను చదవబోవడం అమ్మమ్మ ఎప్పుడూ చూడలేదు. ఇన్నేళ్ళూ పుస్తకం తెరవగానే తనే చదివేసింది. పిల్ల మాట కోసం వెతుక్కునే అవసరమే రానివ్వలేదు. ఇప్పుడు చూసింది. వేలు మొదటి అక్షరం మీద ఆగింది. రెండో దాని మీదికి వెళ్ళింది, వెనక్కొచ్చింది. పెదవులు ఒక ఆకారం కట్టి, విప్పి, ఇంకో ఆకారం కట్టాయి. పై పెదవి మీద చెమట పట్టింది. ఒక మాట సగం వచ్చింది. రెండో సగం దగ్గరికి చేరేసరికి మొదటి సగం జారిపోయింది. అది మళ్ళీ మొదటికి వెళ్ళింది. కాళ్ళ వేళ్ళు ముడుచుకున్నాయి. కుట్టుకుంటూ పోతుంటే వెనక ముడి ఊడిపోతూ వచ్చే దారంలా ఉంది. ఎంత కుట్టినా నిలవదు, ఎవరి తప్పూ కాదు. అమ్మమ్మకు పిల్ల వెతుకుతున్న ఆ మాట చెప్పేయాలని నాలుక చివరిదాకా వచ్చింది. గుమ్మం చెక్క గట్టిగా పట్టుకుని నోరు మూసుకుంది. ఆమె జీవితంలో అంత కష్టమైన పని ఇంకొకటి చేసి ఉండదు.

మొదటి వాక్యం పూర్తయ్యేసరికి బయట ఎండ జరిగింది. మేడమ్ తొందర పెట్టలేదు. వాక్యం చివర గోరింక తలెత్తి, "ఇది నేను," అంది.

"అవును. ఇది నువ్వే," అంది మేడమ్.

తర్వాత ఆటలాంటి పరీక్షలు ఇంకా చాలా జరిగాయి, మర్నాడు కూడా. రంగుల చెక్కలు పేర్చమన్నారు. చప్పట్లు కొట్టి మాటలు విడగొట్టమన్నారు. విన్న కథ తిరిగి చెప్పమంటే గోరింక మేడమ్ గొంతుతోనే చెప్పింది, మధ్యలో కళ్ళజోడు సర్దుకోవడంతో సహా. చివర్లో మేడమ్ అమ్మమ్మను లోపలికి పిలిచి చాప మీద కూర్చోబెట్టింది.

"రాసిస్తున్నానండీ. వచ్చే నెలనుంచి మీ బడికి టీచరు వస్తుంది, వారానికి రెండు రోజులు. పరీక్షల్లో చదివిపెట్టే మనిషి ఉంటారు. క్లాసులో ఆపడానికి వీల్లేదని కూడా రాశాను."

"నా మీద కోపం లేదా అమ్మా?"

"మీరు చదివి వినిపించబట్టే దీనికి ఇన్ని మాటలు, ఇన్ని కథలు వచ్చాయి. అది మానకండి. ఇంట్లో వినిపించండి, పరీక్షలో మాత్రం వద్దు."

అమ్మమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. గుండెలమీంచి తిరగలి రాయి దింపినట్టుంది. లేవబోతూ మళ్ళీ కూర్చుంది.

"మరి ఆ రెండు జడల పిల్లో?"

మేడమ్ పెన్ను మూత పెట్టింది. "నిన్ననే ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేస్తాను, ఉండండి."

అమ్మమ్మకూ వినపడేట్టు ఫోన్ స్పీకర్లో పెట్టి మాట్లాడింది. లారీ ఇంజను చప్పుడులోంచి డ్రైవరు గొంతు హుషారుగా వచ్చింది. "నమస్తే మేడమ్! పిల్ల బ్రహ్మాండంగా ఉంది. మీ కాయితం హెడ్మాస్టరుకి చూపించాలి, ఇక ఎవరైనా ఏమంటారో చూస్తా!"

"ఆ కాయితం తప్పండీ. పిల్ల కంఠతా పట్టి చెప్పింది. మళ్ళీ ఒకసారి తీసుకురండి. సోమవారం రండి, పొద్దున్నే చూసి పంపించేస్తాను."

"తప్పెలా అవుతుంది మేడమ్? కింద మీ సంతకమే కదా ఉంది?" నవ్వుతూనే అన్నాడు. "చదివింది కదండీ. నా చెవులతో విన్నా. చదవడం రాదని రాయించుకోవడానికి మళ్ళీ పిల్లని తేవాలా?"

"బాబూ, నేను అమ్మమ్మను," అంది అమ్మమ్మ, ఫోను మీదికి వంగి. "తప్పు నాదయ్యా. నేను నేర్పి ఉండకూడదు. మా పిల్లకీ అంతే అయింది, దానికి మళ్ళీ పరీక్ష పెట్టి రాసిచ్చారు. తీసుకురా నాయనా."

"నువ్వా పెద్దమ్మా! బాగున్నావా? నువ్వు చేసింది మేలు, తప్పంటావేంటి? సరే, చూస్తాలే. సోమవారం లోడు లేకపోతే చూస్తా." వెనక ఎవరిదో హారన్ మోగింది. లైను తెగిపోయింది.

మేడమ్ బడికి ఉత్తరం రాస్తానంది. తండ్రి తేకపోతే పిల్లను రప్పించే అధికారం తమకు లేదనీ చెప్పింది. డ్రైవరు ఇంటి అడ్రసు చెప్పించుకుని అమ్మమ్మ తనూ ఒక ఉత్తరం రాసింది. పెద్ద పెద్ద అక్షరాలు, కూడబలుక్కుని రాసినవి.

ఇంటికి వెళ్ళే బస్సులో గోరింక కిటికీ పక్కన కూర్చుంది. బోర్డు కనపడ్డప్పుడల్లా మొదటి అక్షరం వేలితో అద్దం మీద దిద్ది, బస్సు దాటిపోతుంటే నవ్వింది. అమ్మమ్మ చదివి పెట్టలేదు. అడిగితే మాత్రం చెప్పింది. గుమ్మంలో కూతురు యూనిఫాంలోనే నిలబడి ఉంది. కాయితం తీసుకుని చదివి, తల్లి భుజం మీద తల ఆనించింది. "ఏమీ నేర్పలేదు కదా?" అంది. అమ్మమ్మ జరిగిందంతా చెప్పింది. కూతురు వంటగది గోడకు ఆనుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. దగ్గిన సంగతి రెండుసార్లు చెప్పించుకుంది.

చెప్పిన నెలకే టీచరు వచ్చింది. మంగళవారం, శుక్రవారం. అమ్మమ్మ ఆ రోజుల్లో బడి వసారాలో కూర్చుని బడి పుస్తకాలు కుట్టిపెట్టేది. లోపలి గొంతులో తన గొంతు కలవకుండా చూసుకునేది. ఏడాది చివర గోరింక పై క్లాసుకు వెళ్ళింది. తనంతట తాను చదివిన మొదటి పేజీకి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. ఇంట్లో ముగ్గురూ ఆరోజు ఆలస్యంగా అన్నం తిన్నారు.

ఏడాదికోసారి చూపించాలన్నారు కాబట్టి ఆ కేంద్రానికి మళ్ళీ వెళ్ళారు. నాలుగేళ్ళు వెళ్ళారు. వెళ్ళిన ప్రతిసారీ, డ్రైవరు పిల్ల వచ్చిందా అని అమ్మమ్మ ముందు ఆయాను అడిగింది. మేడమ్ రాసిన ఉత్తరాలకు ఆ పిల్ల బడినుంచి ఒకే జవాబు వచ్చింది, పిల్లను మాన్పించి ఇంట్లో తమ్ముడికి కాపలా పెట్టారని.

రెండు జడల పిల్ల ఆ రోజు మధ్యాహ్నం బండికి వెళ్ళింది. సోమవారం రాలేదు. తర్వాత ఏ సోమవారమూ రాలేదు.